నాలుగు మూలల పసుపు

మీరే చేశారు. వేలూరులో హోటల్ రెండో అంతస్తులో మూడు రోజులు బల్లలు పరుచుకుని, చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని, మా అన్న ముప్పై ఐదేళ్ల బతుకును భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి చూసిన బెంగళూరు కంపెనీవాళ్లే చేశారు. దొంగతనం అనను. దొంగకు పట్టుబడతానన్న భయమన్నా ఉంటుంది. మీకు అదీ లేదు. రసీదు ఇచ్చి, నీళ్ల సీసా ఇచ్చి, థాంక్యూ మేడమ్ అని చెప్పి మరీ చేశారు.

రెండో ముద్దాయిని నేను. పేరు వినోదిని. ఊరు గుడియాత్తం. పని మగ్గం, ఆ పైన చేనేతవాళ్ల సంఘం. మిమ్మల్ని అన్న మాటలన్నీ నన్నూ అనుకుంటాను. ముందు జరిగింది వినండి.

పోయిన ఏడాది ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒక పొద్దున, గోపాలస్వామి మా అన్న ఉమాపతి పాకకు వచ్చాడు. ఆ పాక గోపాలస్వామిదే. వాళ్ల నాయన కాలం నుంచి మా అన్న అందులో బాడుగకు నేస్తున్నాడు. పెద్దాయన లోపలికి రాలేదు. గడప బయట చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని, మళ్లీ విడిచాడు. కల్యాణమండపంవాళ్లు కార్లు నిలిపేదానికి జాగా అడుగుతున్నారట. కొడుకులు ఒప్పేసుకున్నారట.

"నేనుండేదాకా అమ్మనంటి కదా ఉమాపతీ," అన్నాడు. "ఇప్పుడూ ఉండాను. ఇంట్లో నా మాటే లేదు."

అయినా ఒక మేలు చేశాడు. సరస్వతి పూజ దాకా గడువు తెచ్చాడు. ఆ లోపల మండపంవాళ్లు ఇస్తామన్న రేటు మా అన్న ఇస్తే పాక మా అన్నకే.

గుంత మగ్గం అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక మాట. మగ్గం చెక్కలు విప్పుకుని పోవచ్చు. నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంత నేలలో ఉంటుంది, దాన్ని విప్పుకుని పోలేము. ఇంకో బాడుగ ఇంట్లో తవ్వుకుందామంటే ఏ యజమానీ గచ్చు పగలగొట్టనివ్వడు. పాక పోతే మా అన్న నేతగాడు కాడు. యాభై ఆరేళ్ల కూలీ అవుతాడు. అంతే విషయం.

చేతిలో ఉన్నది పోగా మూడున్నర లక్షలు తక్కువ పడింది. ఆ రోజు అన్నం తిన్నాక మా అన్న గోడ అలమారు తెరిచి ఆ పెట్టె కిందికి దించాడు. వదిన సరసమ్మ ఆయన మొహం చూసి పక్కకు తిరిగింది. ఇంట్లో అందరికీ అర్థమైంది.

పెట్టెలో కార్డులు. 1988లో మా ఊళ్లో ఒక అగ్గిపెట్టెల కంపెనీ ఉండేది, ఇప్పుడు లేదు. డజను పెట్టెల కట్టలో ఒక కార్డు పెట్టి అమ్మేవాళ్లు. ముందు పక్క ఆటగాడి ఫోటో, వెనక పేరు, ఊరు, ఆట. సినిమావాళ్లు కాదు, టీవీ క్రికెట్‌వాళ్లు కాదు. మన జిల్లా కబడ్డీవాళ్లు, వాలీబాల్‌వాళ్లు, బాల్ బ్యాడ్మింటన్‌వాళ్లు. పగలు నేసి, బీడీలు చుట్టి, మేకలు మేపి, సాయంకాలం ఆడినవాళ్లు. అరవై నాలుగు కార్డులు. ఒక్క ఏడాది వేసి ఆపేశారు. జనం పొయ్యి ముట్టించుకుని కార్డు కూడా అందులోనే వేశారు. మా అన్న ఏరాడు. టీ అంగళ్ల ముందు నిలబడి, కట్ట విప్పేదాకా కాచుకుని ఏరాడు.

ఏరి ఊరుకున్నాడా. ఒక్కొక్కరిని వెతుక్కుంటూ పోయి సంతకం పెట్టించుకున్నాడు. ఆలంగాయం ఆరుముగం కొండ మీదికి మేకలు తోలుకుపోయాడంటే రెండు రోజులు కింద కూర్చున్నాడు. పళ్ళికొండలో సెల్వం హైవే హోటల్లో పరోటాలు కొడుతూ ఎడమ చేత్తో సంతకం పెట్టాడు, కుడి చేతికి పిండి అంటి ఉందని. మేల్పాడి చిన్నరాజు తెలుగులో పెట్టాడు. మా వీధిలో అందరం తెలుగే మాట్లాడతాం, బళ్లో నేర్పింది తమిళం, తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. ఆ సంతకం చదివేదానికే మా అన్న నాకు తెలుగు వాచకం కొని తెచ్చాడు. నేను అక్షరం నేర్చుకున్నది అట్లా. సంఘంలో కరపత్రం రాసింది ఆ తరువాత.

అరవై నాలుగులో యాభై ఎనిమిదింటికి సంతకం ఉంది. మిగతా ఆరుగురు ఆయన వెతుక్కుంటూ వెళ్లేలోగా చనిపోయారు.

కబురు పెట్టిన మూడో రోజు జయరామన్ వచ్చాడు. వేలూరు పాత బస్టాండు దగ్గర కప్పులు, షీల్డులు అమ్మే అంగడి ఆయనది. ఒకప్పుడు బళ్లో డ్రిల్లు మాస్టరు. తమిళాయన, మాతో మాట్లాడితే తెలుగులోకి దిగుతాడు, సగం దారిలో మళ్లీ ఎక్కేస్తాడు. ఇలాంటివి తనూ కూడబెడతాడు. పదేళ్లుగా ఈ పెట్టె అడుగుతున్నాడు.

చాప మీద కూర్చునే ముందు పెరట్లోకి పోయి చేతులు కడుక్కున్నాడు. తన కండువాతో తుడుచుకున్నాడు. ఒక్కో కార్డు తీసి, ఫోటో చూసి, ఆ మనిషి ఆడిన ఆట చెప్పాడు. కుమరేశన్ కాలు పట్టుకుంటే లారీకి కట్టేసినట్టే అన్నాడు. ఫలానా ఏడు తిరునాళ్ల ఆటలో పాయింట్ల గొడవ ఎట్లా వచ్చిందో చెప్పాడు. మా అన్న అది అట్లా కాదు సార్ అని సరిచేశాడు. ఇద్దరూ నవ్వారు. మధ్యలో ఒక కార్డు మూల మీద పసుపు చూసి, "మా ఇంట్లోనూ ఇంతే. బడి పుస్తకాలకు, త్రాసుకు, స్కూటరుకు," అన్నాడు.

ప్రతి ఏడూ సరస్వతి పూజకు మగ్గం పలకలు, పోగు అటూ ఇటూ తోసే నాడె, కత్తెరతో పాటు ఆ కార్డులు కూడా దేవి ముందు పెడతాం. వదిన వేలితో ఒక్కో కార్డు నాలుగు మూలలా పసుపు అద్దుతుంది. చదువు ఉన్న వస్తువు, పేరు రాసి ఉన్న వస్తువు, పూజలో పెట్టకుండా ఎట్లా ఉంటారు? నేను దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఇంటి గడపకు పసుపు ఉందా లేదా అని రోజూ ఎవరు చూస్తారు.

చీకటి పడకముందు జయరామన్ చెప్పాడు. మద్రాసులో ఆనంద్‌రాజ్ అని తన స్నేహితుడు, ఇద్దరూ కలిసి తీసుకుంటారు. మూడున్నర ఇస్తారు. "ఎట్లుండాదో అట్లే ఎత్తుకుంటాము. ఆనంద్‌రాజ్ రానక్కర్లేదు. నేను చూస్తే ఆయన చూసినట్టే."

మా అన్న తల ఊపాడు. అక్కడ అయిపోవాల్సింది. నేను నోరు తెరిచాను.

ఇరవై ఏళ్లుగా నేను ఒకటే మాట అరుస్తున్నాను: సరుకు చేసినవాడికి సరుకు ధర తెలియనివ్వరు. లుంగీ కొనే షావుకారు వచ్చి, గుడ్డ ముడిచి చూసి, ఇంత అంటాడు. మేం తల ఊపుతాం. అందుకే తల ఊపడం నాకు కనబడితే ఒంటికి నిప్పు పెట్టినట్టు ఉంటుంది. మీ ప్రకటన అప్పటికే నా ఫోన్లో ఉంది. వచ్చే ఆవణి నెలలో వేలూరులో శిబిరం, పాత ఆట కార్డులకు పరీక్ష, కార్డు ఎంత బాగుందో చెప్పే శ్రేణి, అసలు ధర. బెంగళూరులో ఒక్క కార్డు లక్షలకు పోయిందని దాని కింద ఉంది.

"మనకు కావాల్సినంతే ఆయన నోట్లోంచి వచ్చిందే," అని అన్నకు చెప్పి, జయరామన్ వైపు తిరిగాను. "ఎట్లా వచ్చింది సార్?"

జయరామన్ కోప్పడలేదు. పాక సంగతి ఊరంతా తెలుసునన్నాడు. తన దగ్గర ఉన్నది, స్నేహితుడి దగ్గర ఉన్నది కలిపితే అంతేనన్నాడు. శిబిరం మాట ఎత్తేసరికి మాత్రం చేతిలో కార్డు కింద పెట్టేశాడు.

"వాళ్లకు కార్డు తెలుసమ్మా. ఆట తెలీదు. ఆడికి తీసకపోవద్దు. ఒక తూరి వాళ్లు రాస్తే, రాసింది రాసినట్టే ఉండిపోతాది."

"ధర తెలిసిపోతాదని భయమా సార్?"

ఆయన లేచాడు. మా అన్నకు నమస్కారం పెట్టాడు, నాకూ పెట్టాడు. వీధి చివరిదాకా మా అన్న వెంట పోయి వచ్చాడు. వచ్చి గుంతలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నీకు తెలిసినంత నాకు తెలీదు పాపా. నువ్వు చెప్తే సరే," అన్నాడు.

వదిన పొయ్యి దగ్గర నుంచి అంది: "ఆయప్ప చేతులు కడుక్కోని కూర్చున్నాడు. చూస్తివా నువ్వు?"

చూశాను. షావుకార్లు కూడా చేతులు కడుక్కుంటారు అన్నాను.

ఆవణిలో నేనూ మా అన్నా బస్సెక్కి వేలూరు పోయాం. ఆయన పెళ్లిచొక్కా వేసుకున్నాడు. పెట్టె ఒళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. హోటల్లో చల్లటి హాలు. వరసలో ముందున్నవాళ్లు బొమ్మల్లాంటి పిల్లకాయలు, చేతుల్లో మెరిసే కొత్త కార్డులు. అందరూ మా అన్న అగ్గిపెట్టెల కార్డులు చూసి చుట్టూ చేరారు. ఇద్దరు ఫోటో తీసుకున్నారు. ఆయన భుజాలు ఒక అంగుళం పైకి లేచాయి. నాకు ఒళ్లు పొంగింది. చూడు, నేను చెప్పలేదా అనుకున్నాను.

బల్ల వెనక హేమమాలిని అని ఒక అమ్మాయి. బోర్డు మీద పేరు ఉంది. మర్యాద గల పిల్ల, తెలుగులోనే మాట్లాడింది. భూతద్దం పెట్టి మొదటి కార్డు చూసింది, రెండోది చూసింది, మూడోది చూసి మొదటిది మళ్లీ తీసింది.

"సార్, మూలల్లో ఈ పసుపు రంగు అచ్చులోనే వచ్చిందా, తరువాత ఎవరైనా పెట్టారా?"

మా అన్న నిటారుగా కూర్చున్నాడు. అడగాల్సిన ప్రశ్న ఇన్నాళ్లకు ఒకరు అడిగినట్టు కూర్చున్నాడు.

"పెట్టిందేనమ్మా. పసుపు. సరస్వతి పూజకు."

"ఒకసారా?"

"ప్రతి ఏడూ."

"అన్నిటికీనా?"

"ఒక్కదాన్ని కూడా వదల్లేదు."

ఆ అమ్మాయి పెన్ను తీసింది. ఆయన చెప్పింది చాలదనిపించింది నాకు. ఎంత జాగ్రత్తగా చూసుకున్నామో ఈ బెంగళూరు పిల్లకు తెలియాలి కదా. ముందుకు వంగి చెప్పాను: "ముప్పై ఐదేండ్లు. మా వదిన చేత్తో. నాలుగు మూలలూ. కావాలంటే రాసుకో తల్లీ."

రాసుకుంది.

తరువాత ఒక కాగితం ఇచ్చింది. ఇంగ్లీషు, నాలుగు పేజీలు, చీమల్లాంటి అక్షరాలు. సంతకం పెట్టేముందు చదవండి, చదివించుకోండి అని ఇరవై ఏళ్లుగా కూటాల్లో గొంతు చించుకున్నదాన్ని, వెనక వరస పెరుగుతోందని, మా అన్న చేతికి పెన్ను నేనే ఇచ్చాను. రుసుము నేనే కట్టాను. పెట్టె అక్కడ వదిలేసి వచ్చాం. బస్సులో ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

ముప్పై రోజులు. ఆ ముప్పై రోజులు మా అన్న రోజుకు ఒక లుంగీ ఎక్కువ నేశాడు. గచ్చు కొట్టించాలి, పైకప్పు రేకులు మార్చాలి అని వదినతో అంటుంటే విన్నాను. గోపాలస్వామి అటు పోతూ ఏమైంది అని అడిగితే, వస్తాదయ్యా అనేవాడు.

ఆ పై నెల, పురట్టాసి రెండో శనివారం పార్సెలు వచ్చింది. తేలికగా పంపినవి బరువుగా వచ్చాయి. ఒక్కో కార్డుకు ఒక గట్టి ప్లాస్టిక్ డబ్బా, నాలుగు పక్కలా కరిగించి మూసేశారు. మూత లేదు. పైన వరస అంకె, దాని కింద నాలుగు ముక్కలు. నేను చదివాను, మా అన్నకూ వదినకూ తెలుగులో చెప్పాను. కార్డు అసలుదే. మార్పు చేశారు, నాలుగు మూలలా అన్యపదార్థం, యజమాని ఒప్పుకున్నాడు. సంతకం ఉన్న చోట, అది ఎవరిదో తేల్చలేము. శ్రేణి లేదు.

అన్యపదార్థం అంటే ఏందని వదిన అడిగింది. పసుపు అన్నాను.

అరవై నాలుగు డబ్బాల మీదా అదే ఉందా అని మా అన్న అడిగాడు. ఒక్కొక్కటీ చదివించుకున్నాడు. అరవై నాలుగు సార్లు చదివాను. మధ్యలో ఆపితే తరువాతది చేతికి ఇచ్చాడు. వదిన ఒక డబ్బా తీసుకుని అంచు వెంట గోరుతో గీకుతూ కూర్చుంది, ఎక్కడో ఒక సందు దొరుకుతుందని. తడిగుడ్డతో తుడిస్తే పోతాది కదా, పోనీ అంది. గోరు విరిగింది. తరువాత ఇంకో గోరు పెట్టింది.

సిగ్గు చంపుకుని జయరామన్‌కు ఫోన్ చేశాను. ఆయన అప్పటికే చూశాడు. మీరు రాసినదంతా అంకెతో సహా ఇంటర్నెట్‌లో అందరికీ కనబడే పట్టికలో ఉంటుందట. కొనేవాడు ఎవడైనా ముందు అదే తెరుస్తాడట. ఆనంద్‌రాజ్ తెరిచాడు. "నా మాట ఉన్నన్నాళ్లు ఆయన నా మాట నమ్మినాడమ్మా," అన్నాడు జయరామన్. "ఇప్పుడు వాళ్ల మాట ఉండాది." తన వంతుగా ఒక్కడే ఇవ్వగలిగింది చెప్పాడు. గచ్చుకు కూడా చాలదు. మా అన్నకు చెబితే, ఆయన్ను ఎందుకు కష్టపెట్టాలి పాపా అన్నాడు.

మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. పదకొండు సార్లు. చివరికి ఒకతను దొరికాడు. పసుపు మాట వదిలిపెట్టాను, అది మా నోటితోనే చెప్పాం. సంతకం సంగతి అడిగాను. సెల్వం పళ్ళికొండలో బతికే ఉన్నాడయ్యా, పిలిస్తే వచ్చి మీ ముందు సంతకం పెడతాడు, పోల్చుకోండి అన్నాను. అతను చాలా ఓపికగా చెప్పాడు: పోల్చేదానికి గుర్తింపు ఉన్న పాత సంతకం మా దగ్గర ఉండాలి మేడమ్. పెద్ద ఆటగాళ్లకు ఉంటుంది. వీళ్లకు లేదు. ఇప్పుడు పెట్టింది అప్పటిదానికి సాక్ష్యం కాదు.

"మనిషే ఉండాడు కదా."

"మనిషిని మేము పరీక్షించం మేడమ్."

సరస్వతి పూజ వచ్చింది. మగ్గం పలకలు కడిగాం. నాడెకు, కత్తెరకు వదిన పసుపు పెట్టింది, బొట్టు పెట్టింది. డబ్బాలు అలమారులోనే ఉన్నాయి. తీసుకురమ్మని మా అన్న అనలేదు. వదిన అటు చూడలేదు. హారతి ఇచ్చాం, బొరుగులు పంచాం. గోపాలస్వామి ప్రసాదం తీసుకుని, గడప బయట చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

విజయదశమి రోజు మా అన్న ఆనవాయితీకి నాలుగు పోగులు నేశాడు. మర్నాడు మగ్గం విప్పాడు. మట్టి ట్రాక్టరు పదింటికి వస్తుందన్నారు, తొమ్మిదిన్నరకే వచ్చింది. ఒక బండి మట్టి కూడా పట్టలేదు ఆ గుంతకు. సగం బండి చాలింది. మిగతాది వీధిలోనే పోసి పోయారు. మా అన్న పార తీసుకుని, నడిచేవాళ్లకు అడ్డం కాకుండా దాన్ని గోడ వారకు జరిపాడు.

ఇప్పుడు ఆయన బైపాస్ అవతల పవర్‌లూమ్ షెడ్డులో ఆరు మగ్గాలు చూస్తున్నాడు. ఆ రొద వల్ల ఇంట్లో ఏమన్నా రెండోసారి చెప్పాలి. నాతో మాట్లాడతాడు, బాగానే మాట్లాడతాడు. సంఘం కూటం ఎప్పుడు పాపా అని అడుగుతాడు. ఏ విషయంలోనూ నువ్వు చెప్తే సరే అని మాత్రం అనడు. నేను కూటాల్లో మైకు పట్టుకుంటే ధర అన్న మాట దగ్గర ఆగిపోతాను. ముందు వరసలో ఆడవాళ్లు నీళ్లు అందిస్తారు. నీళ్లు కాదు కావలసింది.

గుంత గురించి మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది అడుగుతున్నాను. ఈ నాలుగు నెలలు బస్సుల్లో తిరిగి వెతికాను. ఆ అరవై నాలుగు మందిలో ఇరవై తొమ్మిది మంది బతికి ఉన్నారు. పేరు, వీధి, ఎన్ని గంటలకు ఇంట్లో ఉంటారు, అన్నీ రాసి పెట్టాను. మీ మనిషిని పంపండి. పెన్ను తెస్తే చాలు. ఒక్కొక్కరి ఎదుట కూర్చోండి, ఆయన్ను సంతకం పెట్టమనండి, ఎప్పుడు ఎక్కడ ఆడాడో ఆయన నోటితో చెప్పమనండి, అది మీ పట్టికలో ఎక్కించండి. తేల్చలేము అని రాసిన ప్రతి చోటా కొట్టేసి, ఆ మనిషి పేరు రాయండి. దాంతో పాక రాదని మాకు తెలుసు. ధర వస్తుందని కూడా మేము అనుకోవడం లేదు. అయినా రాయండి. ఈ నెల దాటనివ్వకండి. పోయిన మంగళవారంతో ఇరవై తొమ్మిది కాస్తా ఇరవై ఎనిమిది అయ్యారు.